హైడ్రాలిక్ ఆయిల్ తెల్లబడ్డ ట్రాక్టర్లకు ఇకపై రెండు విడతల మార్పు

పాత ట్రాక్టర్లు మా దగ్గర చేయించుకునేవాళ్లందరికీ ఒక మాట. లిఫ్ట్ ఆయిల్ (వెనక పనిముట్లను ఎత్తే లిఫ్ట్‌ని నడిపే హైడ్రాలిక్ ఆయిల్) తెల్లబడిందని వచ్చిన బండికి ఒక్కసారి ఆయిల్ మార్చి పంపించడం ఇక మానేస్తున్నాం. తెల్లబడటానికి మామూలుగా కారణం ఆయిల్లో కలిసిన నీళ్లే. అవి ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో తేలాలి, ఆయిల్ రెండుసార్లు మార్చడానికి మీరు ఒప్పుకోవాలి. అప్పుడే పని మొదలుపెడతాం. "మొన్నే కదా మార్చారు, మళ్లీ తెల్లబడిందేంటి" అని అడుగుతున్నవాళ్లకు జవాబు కూడా ఇదే.

డ్రెయిన్ ప్లగ్ విప్పినంత మాత్రాన ఆయిల్ మొత్తం దిగదు. లిఫ్ట్ సిలిండర్లో, పైపుల్లో, హౌసింగ్ మూలల్లో పాతది నిలిచిపోతుంది. 50 లీటర్ల ఆయిల్ పట్టే బండిలో 5 లీటర్లు మిగిలాయనుకోండి. పాత ఆయిల్లో నీరు 2 శాతం ఉంటే, మొదటి మార్పు తర్వాత కూడా 0.2 శాతం ఉంటుంది. బేరింగులు తుప్పు పట్టడానికి అది చాలు. రెండో మార్పుతో 0.02కి దిగుతుంది.

తెల్లగా కనిపించిందల్లా నీళ్లు కాదు. పంపు సక్షన్ వైపు (ఆయిల్‌ని పీల్చుకునే వైపు) గాలి లాగుతున్నా ఆయిల్ అలాగే ఉంటుంది. గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకండి. గాలైతే తేటపడుతుంది, కలిసిపోయిన నీరైతే మసక పోదు. ఇంకా అనుమానముంటే 150 డిగ్రీల దాకా వేడెక్కిన రేకు మీద ఒక్క చుక్క వేస్తాం. చిటపటమంటే నీళ్లే. ఇంట్లో చేసేవాళ్లు కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా చేయొద్దు.

నీళ్లు దిగే చోటు చాలా బళ్లలో గేర్ లివర్ కింది రబ్బర్ బూటే. అది చిట్లితే వాననీరు రాడ్డు వెంట నేరుగా గేర్ బాక్సులోకి జారుతుంది; చాలా బళ్లలో గేర్ బాక్సుకీ లిఫ్టుకీ ఒకటే ఆయిల్. తర్వాత చూడాల్సినవి బ్రీదర్ (హౌసింగ్‌లోకి గాలి ఆడే మూత), డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) దగ్గరి ఓ-రింగ్ అనే రబ్బర్ రింగు, నీళ్లలో దున్నిన బండికి యాక్సిల్ సీళ్లు. ప్రెషర్ వాషర్‌ని బ్రీదర్ మీదికి తిప్పి కడగొద్దని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇక పని. బండి రాత్రంతా కదలకుండా ఉండాలి, కాబట్టి సాయంత్రమే తెచ్చి వదలండి. పొద్దున స్టార్ట్ చేయకుండానే ప్లగ్ కొద్దిగా వదులు చేస్తే అడుక్కి చేరిన నీరు ముందు వస్తుంది. ఆయిల్ కనపడగానే బిగించి, బండి నడిపి వేడెక్కించి, లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, ఉన్న ప్లగ్గులన్నీ విప్పుతాం. స్ట్రైనర్ (ఆయిల్ వడకట్టే జాలి) డీజిల్‌తో కడిగి ఆరబెడతాం. ఫిల్టర్ మాత్రం రెండుసార్లూ కొత్తదే. నీళ్లకు కాగితం ఉబ్బి ఆయిల్‌ని సరిగా వదలదు, పంపు అరుస్తుంది.

డీజిల్ పోసి ఇంజిన్ తిప్పి కడగమని కొందరు అడుగుతారు. చేయం. పల్చటి డీజిల్‌తో పంపు లోపల లోహం లోహాన్ని రాసుకుంటుంది, మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ని కూడా పల్చబరుస్తుంది. మొదటి విడత పోసే ఆయిలే కడిగే ఆయిల్. మీ బండి పుస్తకంలో చెప్పిన రకమే పోసి, బరువు లేకుండా లిఫ్ట్ ఎత్తి దించుతూ, స్టీరింగ్‌కీ అదే ఆయిల్ వెళ్తుంటే రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ, వేడి మీదే దించేస్తాం. బ్రేకులు ఆయిల్లో మునిగి ఉండే బండికి వేరే రకం పోస్తే బ్రేకు గీ పెడుతుంది, అందుకే అక్కడ రాజీ లేదు.

దించిన ఆయిల్ కాచి నీళ్లు పోగొట్టి వాడుకుంటామని అడగొద్దు. డ్రమ్ము అడుగున నీరు ఒక్కసారిగా ఆవిరై మరుగుతున్న ఆయిల్‌ని పైకి చిమ్ముతుంది. దాన్ని రీసైక్లింగ్‌కే పంపుతాం.