నాన్నా, ఆ మాత్రలు ఆపవద్దు

చిరంజీవికి అమ్మ ఆశీస్సులు.

ఫోనులో సగం చెప్పి సగం మింగావు. పక్కన కోడలు ఉందని అర్థమైంది. పోస్టులో వేస్తే ఆలస్యమని ఇది ఫోనులోనే పంపుతున్నాను. చదివి తనకూ ఇవ్వు, తన దగ్గర దాచవలసినది ఇందులో ఏదీ లేదు.

కోడలికి మూతి వంకరపోయి ముఖం ఒక పక్క కదలడం లేదనీ, అది బెల్స్ పాల్సీ అనే ముఖ నరపు జబ్బనీ కదా చెప్పావు. ముందు మాత్రల సంగతి. డాక్టరు ప్రెడ్నిసలోన్ రాసిస్తే, ఎనిమిదో నెలలో స్టెరాయిడ్ ఏమిటని అందరూ భయపెట్టారనీ, రెండు రోజులు చూద్దామని పక్కన పెట్టారనీ అన్నావు. చూడవద్దు. మూతి వంకర మొదలైన 72 గంటల లోపు మొదలుపెడితేనే ఆ మందు బాగా పనిచేస్తుంది. నిన్న పొద్దున మొదలైంది కదా, లెక్క వేసుకో. బిడ్డ గురించి బెంగ అయితే, ఆ మందులో చాలా భాగాన్ని మాయలోని ఒక ఎంజైము దారిలోనే నిర్వీర్యం చేస్తుంది. బిడ్డకు చేరేది కొద్దిగానే. తల్లికి మాత్రం చక్కెర, రక్తపోటు పెరగవచ్చు కాబట్టి అవి చూపిస్తూ ఉండాలి. ఇంకా అనుమానం ఉంటే ఆ డాక్టరుకే ఫోను చేసి అడుగు, చుట్టాలను అడగకు.

రక్తపోటు మాట ఊరికే అనలేదు. గర్భిణులలో ఈ జబ్బు వచ్చినవాళ్ళకు గుర్రపువాతానికి, అంటే గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు, దారితీసే రక్తపోటు కూడా ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించు. తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి బయలుదేరండి.

పక్షవాతం అనగానే మీ అత్తగారు ఏడ్చారట. ఆవిడకు ఇది చెప్పు. మెదడు దెబ్బతింటే సాధారణంగా మూతి జారినా నుదురు ముడతలు పడుతూనే ఉంటుంది, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. కోడలికి కనుబొమ్మ కూడా లేవడం లేదన్నావు, అంటే నలిగింది ముఖ నరం. అది చెవి వెనక ఎముకలో ఇరుకైన గొట్టం గుండా వస్తుంది. అక్కడ వాస్తే దానికి చోటు చాలదు. ఒంట్లో నీరు చేరడం, ఎప్పటినుంచో నిద్రపోతున్న హెర్పిస్ వైరస్ లేవడం కారణాలు కావచ్చంటారు. చేయి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా మాత్రం వేరే సంగతి, క్షణం ఆగవద్దు.

ఇది కొత్త వింత కూడా కాదు. ఈ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ చార్లెస్ బెల్ 1830లోనే గర్భిణులలో దీన్ని గమనించాడు. ఒక పాత లెక్క ప్రకారం లక్ష మంది గర్భిణులలో సుమారు 45 మందికి వస్తే, అదే వయసులో గర్భం లేనివాళ్ళలో 17 మందికి వస్తుంది. ఎక్కువగా చివరి మూడు నెలల్లోనో, కాన్పయిన వారంలోనో.

ఇక నీ పని కన్ను. ముఖం ఎప్పటికి సర్దుకుంటుందో మన చేతిలో లేదు కానీ, కన్ను పాడుకాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. రెప్ప మూతపడకపోతే కంటిపొర ఎండి పుండు పడుతుంది. పగలు కన్నీటిలా తడి ఉంచే చుక్కల మందు తరచుగా వెయ్యి, బయటికి వెళితే కళ్ళజోడు పెట్టించు. రాత్రి కంటి ఆయింట్‌మెంట్ రాసి, రెప్పను వేలితో పూర్తిగా మూసిన తరువాతే పైన కాగితపు ప్లాస్టరు అంటించు. రెప్ప తెరిచి ఉండగా అంటిస్తే ప్లాస్టరే కంటిని గీరుతుంది. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించు.

నువ్వు కడుపులో ఉండగా నాకూ వచ్చిందని నీకు తెలుసు. నోరు పుక్కిలిస్తే నీళ్ళు పక్కకు కారేవి, సగం నాలుకకు రుచి లేదు, ఆ వైపు చెవిలో చిన్న చప్పుడు కూడా మోతలా ఉండేది. వాటన్నిటినీ ఓర్చుకున్నాను కానీ, వచ్చిన ప్రతివాళ్ళూ 'ఏదీ, ఒకసారి నవ్వు' అనడం మాత్రం భరించలేకపోయాను. కోడలిని ఎవరైనా అలా అడిగితే నువ్వే ఆపు. అద్దం ముందు తను ఎంతసేపు నిలబడిందో కూడా లెక్కపెట్టకు.

చాలామందికి మూడు వారాల్లో కదలిక మొదలై, కొన్ని నెలల్లో పూర్తిగా సర్దుకుంటుంది. ముఖం పూర్తిగా పడిపోయిన గర్భిణులలో కోలుకోవడం కొంత వెనకబడుతుంది, మందు విషయంలో నేను ఇంత తొందరపెట్టడం అందుకే. తిరిగి పెరిగే నరపు పోగులు ఒక్కోసారి దారి తప్పి వేరే కండరానికి చేరతాయి. నేను నవ్వితే ఎడమ కన్ను సగం మూసుకుపోవడం అందుకే. చిన్నప్పుడు నేను నీకు కన్ను కొడుతున్నాననుకుని నువ్వూ కొట్టేవాడివి.

కరెంటు పెట్టి నరాన్ని లేపుతామనే వాళ్ళ వెంట పడకు, దానితో మేలు జరుగుతుందని రుజువు లేదు. ఈ జబ్బు వల్ల బిడ్డకు ఏమీ కాదు, దీనికోసమని ఆపరేషన్ కాన్పు అవసరమూ లేదు.

తను మాత్ర వేసుకున్నాక నాకు ఒక్క మాట రాయి. మీ అత్తగారితో నేను మాట్లాడుకుంటాను.

అమ్మ