ఆ పేర్లు పంచాయతీ గోడ మీదికి రావాలి

సంపాదకుడు గారికి,

డిసెంబర్ 7 వస్తే సాయుధ దళాల పతాక దినోత్సవమని పిల్లలు జెండా స్టిక్కర్లు, డబ్బా పట్టుకుని వస్తారు. తలా పదో పరకో వేస్తాం. మంచిదే. కానీ మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరి నుంచి ఎవరు యుద్ధానికెళ్లి తిరిగి రాలేదని అడిగితే, ఆ ఊళ్లోనే చెప్పేవాళ్లు దొరకడం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల సంగతైతే మరీను.

ఢిల్లీలోని రెండు పెద్ద స్మారకాల మీద కూడా వీళ్లకు చోటు లేదు. ఇండియా గేట్ మీదున్న పేర్లు మొదటి ప్రపంచ యుద్ధం, 1919 అఫ్గాన్ యుద్ధం నాటివి. 2019లో దాని దగ్గరే ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన వారి పేర్లున్నాయి. మధ్యలో 1939-45లో చనిపోయిన సుమారు 87 వేల మంది భారతీయ సైనికులు రెంటికీ కాకుండా పోయారు.

వాళ్లలో ఒకరు మా తాతగారి అన్న. 1944లో బర్మాలో, అరకాన్ వైపు పోయారని టెలిగ్రాం వచ్చిందట. ఇంట్లో మిగిలినవి రెండు పతకాలు. ఏ రోజు పోయారో ఎవరికీ తెలియదు, అందుకని తిథి తెలియని వాళ్లందరికీ చేసినట్టే ఆయనకీ మహాలయ అమావాస్య నాడే స్వయంపాకం ఇచ్చేవాళ్లు. మా మేనల్లుడు ఒకసారి పతకాన్ని చింతపండుతో తోమితే అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి: నంబరు, హోదా, పేరు. ఆ నంబరును, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల రికార్డులు ఉంచే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో కొడితే తండ్రి పేరు, ఊరు, జిల్లా, చనిపోయిన తేదీ అన్నీ వచ్చాయి. యాంగోన్ (పాత రంగూన్) దగ్గర తౌక్యాన్‌లో, సమాధి జాడ తెలియనివాళ్ల కోసం కట్టిన రంగూన్ స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లలో ఆయన పేరూ ఉంది. తేదీ దొరికింది కదా, పాత పంచాంగం చూసి తిథి కట్టించుకున్నాం. నాన్నగారు ఇప్పుడు ఆ తిథికే తద్దినం పెడుతున్నారు.

ఇంట్లో ఇలాంటి పతకం ఉన్నవాళ్లు పాత సామాన్లలో పారేయకుండా అంచు, వెనకవైపు ఒకసారి చూడండి. భారత సైన్యంలో పనిచేసిన వాళ్ల పతకాల మీద పేరు చెక్కి ఇచ్చేవారు.

పతకం లేనివాళ్ల మాటేమిటి? ఆ రికార్డుల్లో చాలామందికి ఇంటిపేరు ఉండదు. ఊరి పేరు ఆనాటి గుమాస్తా చెవికి ఎలా వినపడితే అలా ఉంటుంది. అది ఏ ఊరో ఢిల్లీలో కూర్చున్నవాళ్లు పోల్చలేరు, ఇక్కడి పంతులుగారో వీఆర్వోనో అయితే ఇట్టే పట్టేస్తారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఆ జాబితా దించుకుని మండలాలకు పంపితే చాలు. పేర్లు సరిచూసి, తెలుగులో రాయించి, పంచాయతీ ఆఫీసు గోడకు ఒక గ్రానైట్ పలక పెట్టించాలి. బస్ షెల్టర్ శంకుస్థాపనకే అరడజను పేర్లతో పలక వేయించే ఊళ్లు మనవి, ఖర్చుకు వెనకాడతారనుకోను.

తెల్లవాడి సైన్యంలో చేరినవాళ్లకు స్మారకాలేమిటని కొందరంటారు. ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్లను స్వాతంత్ర్య సమరయోధులుగా గుర్తించారు, అది న్యాయం. అవతలి వైపు, తెల్లవాడి సైన్యంలో పోరాడినవాడు కడుపు కోసం వెళ్లాడో మీసం కోసం వెళ్లాడో గానీ, ఇక్కడ ఒక తల్లి ఎదురుచూస్తూనే పోయింది. ఆయనకు వీరచక్రం ఇమ్మని మేం అడగడం లేదు. పేరు రాయమంటున్నాం, అంతే.

తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపింది. మిలిటరీ మాధవరమనే పిలుస్తారు. అక్కడ స్మారక స్తూపం కట్టుకున్నారు. పేరు పడని చిన్న ఊళ్ల నుంచి ఒకరిద్దరుగా వెళ్లినవాళ్లకే ఏ దిక్కూ లేదు.

వచ్చే డిసెంబర్ 7 లోపు ఒక్క మండలంలోనైనా ఈ పని మొదలుపెట్టించమని కలెక్టర్ గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా