ఆ టెంట్ హౌస్ బాబాయ్ గారికి, ఇంకా అందరికీ… కృతజ్ఞతలు

రాత్రి రెండింటికి పడుకున్నాను, అయిదింటికల్లా మెలకువ వచ్చేసింది. కాళ్ళు ఇంకా పీకుతున్నాయి, గొంతు పోయింది. రేపు తీరిగ్గా రాద్దామనుకుంటే సగం మర్చిపోతాను, మిగతా సగం మొహమాటపడి తీసేస్తాను. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మా ప్రకృతి కేంద్రం అంటే పెద్దదేమీ ఊహించుకోకండి. కాకినాడ నుంచి యానాం వెళ్ళే 216 హైవే పక్కన, ఒక పాత గోడౌన్లో సగం. రెండు బీరువాలు, గోడ నిండా పిల్లలు గీసిన పక్షుల బొమ్మలు, పైన రేకులు. అంతే. ఈసారి నాలుగు రోజులకి ఇద్దరు అతిథులు వచ్చారు, ఒకరు బెంగళూరు నుంచి, ఒకరు హైదరాబాదు నుంచి. పిల్లలకి ప్రకృతి పాఠాలు చెప్పడమే వాళ్ళ పని. ఫీజు వద్దన్నారు, స్లీపర్ టికెట్ డబ్బులు చాలన్నారు. వాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడిపించిన రోజు గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది. ఉప్పు పొన్న చెట్టుకి గింజ చెట్టు మీదే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుందని, కింద బురదలో పడ్డాక అక్కడే నాటుకోవచ్చని, లేదా నీళ్ళలో తేలుతూ పోయి ఇంకెక్కడో నాటుకోవచ్చని చెబితే, ఆ చెట్ల మధ్యే పుట్టి పెరిగిన పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ఏమవుతుందో మాత్రం వాళ్ళే మేడమ్‌కి చెప్పారు. వాళ్ళ నాన్నలు వేటకి వెళ్ళేవాళ్ళు మరి. బెంగళూరు మేడమ్‌కి తెలుగు రాదు. రెండో రోజుకల్లా పిల్లలు ఆవిడలాగే “నోడి, నోడి” (కన్నడంలో ‘చూడండి’ అని) అంటూ ఒకళ్ళకొకళ్ళు పీతలు చూపించుకోవడం మొదలెట్టారు.

అసలు సంగతి మూడో రోజు రాత్రిది.

జులై ఆఖరి వారంలో చాలా దేశాల్లో మాత్‌ల వారం చేస్తారు. 2012లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైంది. మాత్ అంటే రాత్రి పూట దీపం చుట్టూ తిరిగే పురుగే. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 రకాలకి పైన ఉంటే, మాత్‌లు పదివేల రకాలు దాటతాయి. చూడాలంటే తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు 160 వాట్ల మెర్క్యురీ బల్బు వేస్తే చాలు, అవే వచ్చి వాలతాయి. బాదం చెట్టుకీ స్తంభానికీ మధ్య తాడు లాగి దుప్పటి కట్టాం. 38 మంది పిల్లలు, వాళ్ళని దింపడానికొచ్చి ఆగిపోయిన నాయనమ్మలు, అమ్మమ్మలు. సరిగ్గా 7:40కి కరెంటు పోయింది.

ఏవో లైను పనులున్నాయి, ఆరింటికల్లా అయిపోతాయి అని కరెంటాఫీసు వాళ్ళు ముందురోజే చెప్పారు. నేను రెండుసార్లు వెళ్ళి మరీ అడిగి వచ్చాను. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎనిమిదిన్నర అయింది. సన్నగా తుంపర. చిన్నపిల్లలు ఆవలిస్తున్నారు. ఒకావిడ “ఇంక పోదాం పదవే” అని మనవరాలి చెయ్యి లాగుతోంది. హైదరాబాదు సార్ టార్చి పట్టుకుని ఏవేవో కథలు చెబుతూ నెట్టుకొస్తున్నారు. నా హ్యాండ్‌బ్యాగులో మిగిలినవి 430 రూపాయలు.

అప్పుడు రోడ్డు మీద ఒక ట్రక్కు ఆటో ఆగింది. వెనకాల షామియానా చుట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, డేగిశాలు, వాటి మధ్య ఒక జనరేటర్. యానాంలో పెళ్ళి ముగించుకుని వెళ్తున్నారట. యాభై ఏళ్ళు దాటినాయన, తడిసిన లుంగీ, మెడలో తువ్వాలు. చీకట్లో తెల్ల దుప్పటి, దాని ముందు జనం. దిగి వచ్చి, “ఏంటండీ, బొమ్మ ఎప్పుడు వేస్తారు?” అన్నారు.

“బొమ్మ కాదండీ, పురుగుల్ని చూద్దామని. కరెంటు లేదు” అన్నాను. నాకే సిగ్గేసింది ఆ మాట అంటుంటే.

ఒక్క నిమిషం దుప్పటి వైపు చూశారు, పిల్లల వైపు చూశారు. “జనరేటర్ ఉందండి బండిలో. డీజిలూ మిగిలింది” అన్నారు. ఎంతవుతుందని అడిగాను. “పురుగులక్కూడా అద్దె తీసుకుంటే ఏం బాగుంటుందండీ” అని నవ్వి, వైరు చుట్ట భుజానేసుకుని వచ్చేశారు.

బల్బు వెలిగాక పిల్లలు పెట్టిన కేక ఊరంతా వినపడి ఉంటుంది. అయిదు నిమిషాల తర్వాత ఆయనే నా దగ్గరకొచ్చి, “బండి లైట్లు ఆపేయమంటారా? సగం అటెళ్ళిపోతున్నాయి” అన్నారు. నాకు తట్టనే లేదు. ఆపేసి, నాయనమ్మల కోసం కుర్చీలు కూడా దించారు.

ఆ తర్వాత రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు. వరి చేలో కాండం తొలిచే పురుగు కూడా మాత్ పిల్లే అంటే ఒక రైతు కొడుకు “అయితే దీన్ని చంపెయ్యాలి సార్” అన్నాడు. పట్టు ఇచ్చేది కూడా మాతే అనేసరికి ఒక పిల్ల, “మా అమ్మ పెళ్ళి చీర దీందేనా!” అని ఆగిపోయింది. పదింటికి అరచెయ్యంత మాత్ ఒకటి వచ్చి దుప్పటికి కొట్టుకుని వాలింది. వీపు మీద అచ్చం పుర్రె బొమ్మ. సార్ చేతి మీదకి ఎక్కించుకుంటే కీచుమని అరిచింది. పురుగు అరవడమేంటి! బాబాయ్ గారు వంగి చెవి పెట్టి విన్నారు. “అరుస్తోందండీ ఇది! చిన్నప్పుడు మా నువ్వు చేలో ఉండేది దీని పురుగు, తోకకి కొమ్ము ఉంటుంది” అన్నారు. నిజమే, దాని గొంగళిపురుగు నువ్వు ఆకు తింటుంది. సార్ తన పాఠం ఆపి ఆయన్ని ముందుకి పిలిచి, ఇంకేం చూశారో చెప్పమన్నారు. చెప్పారు కూడా, తువ్వాలు నలుపుకుంటూ.

పదకొండున్నరకి సర్దేశాం. తెల్లారి అయిదింటికి కాకినాడలో ఇంకో పందిరి వేయాలట ఆయన. అయినా వైరు వెంటనే చుట్టలేదు. దాని మీద, జనరేటర్ మూత మీద వాలిన చిన్న చిన్న మాత్‌లని ఒక్కొక్కదాన్నే వేలి మీదకి ఎక్కించుకుని బాదం చెట్టు మీద వదిలారు. చుట్టేస్తే నలిగిపోతాయని. ఎవరూ చెప్పలేదు ఆయనకి. నేను బాత్రూమ్ వెనక్కి వెళ్ళి ఏడ్చేశాను. నెల రోజుల నుంచి దాచుకున్నదంతా అక్కడ పోయింది. తిరిగి వచ్చేసరికి బండి కదిలిపోయింది. పేరైనా అడగలేదు నేను.

నెల రోజులు ఎందుకంటే, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అతిథులకి గది ఇస్తామన్న చోట ఎవరో పెద్దాయన దిగుతున్నారని ముందురోజు సాయంత్రం రద్దు చేశారు. పిల్లల్ని బడి దాటించి ఆరుబయటికి తీసుకెళ్ళడానికి మూడు చోట్ల సంతకాలు, నాలుగోసారి “ఈ ఫార్మాట్ కాదమ్మా”. 1991లోనే సుప్రీంకోర్టు పర్యావరణ విద్య అందరికీ తప్పనిసరి అంది. తప్పనిసరిగానే ఉంది, పుస్తకంలో. చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చెట్టు చూపించడానికి మాత్రం ఇన్ని కాగితాలు. సరే, ఈ పోస్టు దాని గురించి కాదు.

తెల్లవారుజామున నాలుగింటికి సామర్లకోట స్టేషన్‌కి వెళ్ళి అతిథుల్ని తీసుకొచ్చింది మా ఆయన. గది పోయాక వాళ్ళకి తన మంచం ఇచ్చి, నాలుగు రోజులూ వండిపెట్టింది మా అత్తయ్య. వాళ్ళకి ఇక్కడ చెప్పేదేముంది, ఇంట్లో వాళ్ళేగా.

సైన్సు మాస్టారు లేకపోతే పిల్లలే వచ్చేవాళ్ళు కాదు. దోమతెరలు ఇచ్చిన పక్కింటి పిన్నిగారికి, తాగునీళ్ళ టిన్నులు అప్పిచ్చిన కిరాణా కొట్టు తమ్ముడికి కూడా థాంక్స్.

అయ్యో, దుప్పటి! అది మాది కాదు. బడి వంటమ్మ కొత్త దుప్పటి మడత కూడా విప్పకుండా తెచ్చి ఇచ్చింది. దాని నిండా మరకలే ఇప్పుడు. ఉతికి ఇస్తాను అక్కా, పోకపోతే కొత్తది కొంటాను.

కాకినాడ, యానాం మధ్య టెంట్ హౌస్ వాళ్ళెవరైనా ఇది చూస్తే ఆ బాబాయ్ గారికి చెప్పండి. బండి మీద పేరు సగం చెరిగిపోయి ఉంది, నాకు గుర్తులేదు. ఆయన నీలం కుర్చీలు రెండు మా బాదం చెట్టు కిందే ఉండిపోయాయి. లోపల పెట్టి తాళం వేశాను. ఎప్పుడొచ్చినా సరే, అర్ధరాత్రి అయినా సరే, తలుపు కొట్టమనండి.