ఒబామాకేర్‌కు ఎదురుగాలి రెండు వైపుల నుంచీ

సంపాదకులకు నమస్కారం.

ఒబామా హయాంలో అమెరికా తెచ్చుకున్న ఆరోగ్య బీమా చట్టం, అదే ఒబామాకేర్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికల్లో ఒకే మాట: డెమోక్రాట్లు తెచ్చారు, రిపబ్లికన్లు అడ్డుకున్నారు. కానీ 2010 మార్చి 21న ప్రతినిధుల సభలో ఆ బిల్లు 219–212 ఓట్లతో గట్టెక్కింది. కాదన్న 212 మందిలో 34 మంది డెమోక్రాట్లు. అంతకు మూడు నెలల ముందు, ఆ పార్టీకి జాతీయ అధ్యక్షుడిగా పనిచేసిన హోవర్డ్ డీన్ కూడా సెనేట్ బిల్లును ఓడించమన్నారు. ప్రతిపాదనలో ఉన్న ప్రభుత్వ బీమా పథకాన్ని తీసేసి, ప్రైవేటు పాలసీ కొనక తప్పదనడం ఏం న్యాయమన్నది వామపక్షం వారి అభ్యంతరం.

బీమా తప్పనిసరి చేయాలన్న ఆలోచనను 1989లో ముందుకు తెచ్చింది సంప్రదాయవాద సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్. 2006లో మసాచుసెట్స్‌లో చట్టం చేసింది రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ. 2008లో పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీల్లో హిల్లరీ క్లింటన్ ఈ నిబంధన ఉండాలన్నారు, వద్దన్నది ఒబామాయే.

నిబంధన ఎందుకంటే, 2014 నుంచి కంపెనీలు పాత జబ్బుందని ఎవరినీ తిప్పి పంపకూడదు, ఎక్కువ ప్రీమియం అడగకూడదు. జబ్బు బయటపడ్డాక కూడా పాలసీ దొరుకుతుందంటే ఆరోగ్యంగా ఉన్నవారు ముందే ఎందుకు కొంటారు? రోగులే మిగిలితే ప్రీమియం పెరుగుతుంది, అది చూసి ఇంకొందరు తప్పుకుంటారు. నిబంధన లేకుండా అందరికీ పాలసీ ఇవ్వాలన్న న్యూజెర్సీ 1990ల్లో ఈ దెబ్బ తిన్నది.

కానీ బీమా కొననివారికి పెట్టిన జరిమానాలో పస లేదు. 2014లో 95 డాలర్లు లేదా ఆదాయంలో 1 శాతం, 2016కు 695 డాలర్లు లేదా 2.5 శాతం, ఏది ఎక్కువైతే అది. చాలామందికి ఏడాది ప్రీమియం కన్నా అదే చవక. కట్టకపోతే పన్నుల శాఖ ఆస్తి జప్తు చేయకూడదు, కేసు పెట్టకూడదు, రిఫండులో కోసుకోవడమే దారి. రిఫండు మిగలకుండా జీతంలో పన్ను కోతను సరిచూసుకున్నవారి దగ్గర వసూలు కానట్టే. 2017 డిసెంబరు చట్టం ఆ జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. అది రిపబ్లికన్ల ఓట్లతోనే జరిగింది, నిజమే. అయితే డెమోక్రాట్లలోనూ దాన్ని ఇష్టంగా మోసినవారు తక్కువ.

రెండు పార్టీలూ చేయి కలిపింది ఖరీదైన పాలసీల మీద వేసిన ‘కాడిలాక్ పన్ను’కు వ్యతిరేకంగా. ఉద్యోగికి యజమాని ఇచ్చే బీమా ఖర్చు ఏడాదికి ఒంటరి వ్యక్తికి 10,200, కుటుంబానికి 27,500 డాలర్లు దాటితే, ఆ పై మొత్తం మీద 40 శాతం. జీతాల పెంపు వదులుకుని మంచి బీమా సాధించుకున్న కార్మిక సంఘాలు మండిపడ్డాయి, యజమానులూ వాటితో గొంతు కలిపారు. పరిమితిని మామూలు ధరల సూచీకి కట్టారు. వైద్యం ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది కనుక కొన్నేళ్లకు సాధారణ పాలసీలూ అందులో పడేవి. రెండుసార్లు వాయిదా వేశారు. 2019 జులైలో రద్దుకు ప్రతినిధుల సభలో 419 మంది ఓటేస్తే, వ్యతిరేకించింది ఆరుగురే. ఆ డిసెంబరులో వైద్య పరికరాల మీది 2.3 శాతం పన్నుతో కలిపి ఎత్తేశారు. ఖర్చుకు కళ్లెం వేస్తుందని రెండు పక్షాల ఆర్థికవేత్తలూ సమర్థించిన కాడిలాక్ పన్ను ఒక్కరోజైనా వసూలు కాలేదు. మా దృష్టిలో పెద్ద నష్టం అదే.

మీరు తప్పక సరిదిద్దవలసిన మాట ఇంకొకటి ఉంది. ‘తప్పనిసరి బీమా పోయింది’ అని రాస్తే, చదివిన తెలుగువారు దెబ్బ తింటారు. పోయింది ఫెడరల్ జరిమానా. మన వాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, కాలిఫోర్నియాలతో పాటు మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్, వాషింగ్టన్ డీసీలలో స్థానిక జరిమానా ఉంది. కాలిఫోర్నియాలో 2023లో ఏడాదంతా బీమా లేనివారికి తలకు కనీసం 900 డాలర్లు, పిల్లలకు అందులో సగం. ఆదాయం ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. హెచ్-1బీ మీద ఉండి, పన్ను లెక్కలో రెసిడెంటుగా రిటర్ను వేసేవారికీ ఇది వర్తిస్తుంది.

ఉద్యోగం మారేటప్పుడే చాలామంది పొరబడతారు. మధ్యలో రెండు నెలలు బీమా లేకపోతే సాధారణంగా మినహాయింపు ఉంటుంది, ఖాళీ సాగిపోతే ఉండదు. పాత కంపెనీ బీమాను కోబ్రా అనే చట్టం కింద సొంత ఖర్చుతో కొనసాగించుకోవడానికి 60 రోజుల గడువు. ఎంచుకుని బకాయి కడితే పాత తేదీ నుంచే లెక్క. ఒబామాకేర్ పాలసీలు అమ్మే మార్కెట్‌ప్లేస్‌లో ప్రత్యేక నమోదుకూ బీమా పోయిన 60 రోజుల లోపే దరఖాస్తు చేయాలి. విజిటర్ పాలసీ, ఇండియాలో కొన్న ట్రావెల్ పాలసీ ఈ చట్టాల కింద బీమా కింద లెక్కకు రావు. చుట్టపుచూపుగా వచ్చిన అమ్మానాన్నలకు జరిమానా బెడద లేదు. గ్రీన్‌కార్డుతో స్థిరపడిన పెద్దవారికి మాత్రం ఆ పాలసీ పనికిరాదు.

ఇకపై ఈ వార్త వేసినప్పుడు ఆ నాలుగు రాష్ట్రాల పేర్లు, డీసీ పేరు కూడా వేయమని కోరుతున్నాం.

ఇట్లు,
న్యూజెర్సీ తెలుగు పాఠకులు