పీడీ పెట్టారు సరే, విచారణ ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

గొలుసు దొంగలపై పీడీ చట్టం (ముందస్తు నిర్బంధ చట్టం) ప్రయోగించామని పోలీసులు ప్రకటించినప్పుడల్లా ఆ వార్త మీ పత్రికలో ప్రముఖంగా వస్తుంది. చదివినవాళ్లు పీడ విరగడైందనుకుంటారు. గొలుసు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి నాదొక మాట.

2022 శ్రావణమాసంలో ఒక ఉదయం పాల ప్యాకెట్లు తీసుకుని ఇంటికి వస్తుంటే, వెనుక నుంచి బైకు మీద వచ్చిన ఇద్దరిలో ఒకడు నా పుస్తెలతాడు పట్టి లాగాడు. తాడు వెంటనే తెగలేదు, నాలుగడుగులు ఈడ్చుకుపోయాడు. మోకాళ్లు చీరుకుపోయాయి. నల్లపూసలు రోడ్డంతా దొర్లాయి. మెడ వెనుక తాడు కోసుకుపోయిన గీత ఇప్పటికీ చేతికి తగులుతుంది. దొరికాక, జైలులో మేజిస్ట్రేటు ఎదుట వరుసగా నిలబెట్టిన వాళ్లలో అతన్ని గుర్తుపట్టి చూపించాను. అతని మీద జాలితో ఈ ఉత్తరం రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

అతనికి బెయిలు వచ్చింది. బయటికి రాకముందే పీడీ ఉత్తర్వు ఇచ్చారు. ఇక ఏడాది దాకా రాడని నాకు భరోసా చెప్పారు. కొన్ని నెలలకే హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నిర్బంధానికి కారణాలు చూపుతూ అతనికిచ్చిన కాగితాల ప్రతులు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయట. అతను వచ్చేశాడు. సాక్ష్యం చెప్పమని నాకు మాత్రం నేటికీ సమను రాలేదు. కనుక్కోవడానికి స్టేషనుకు వెళ్తే, "వాడి మీద పీడీ పెట్టాం కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు.

నాకు కావలసింది విచారణ. పీడీ అందుకు ప్రత్యామ్నాయం ఎలా అవుతుంది? ఉమ్మడి రాష్ట్రంలో 1986లో చేసిన ఈ చట్టం కింద నేరం రుజువు కానక్కరలేదు. కమిషనరో కలెక్టరో ఉత్తర్విస్తే, ఆపై ప్రభుత్వమూ, ఆ ఉత్తర్వును పరిశీలించే సలహా మండలీ సరేనంటే, 12 నెలల దాకా నిర్బంధించవచ్చు. మండలి ముందు న్యాయవాదిని పెట్టుకునే హక్కు కూడా లేదు. తెలంగాణలో ఈ అధికారాన్ని ఇష్టానుసారం వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022లో, మళ్లీ 2023లో తప్పుపట్టింది. సలహా మండళ్లు రబ్బరు స్టాంపుల్లా ఉండరాదని 2024 మార్చిలో చెప్పింది. బెయిలు మీద అభ్యంతరముంటే రద్దు చేయమని కోర్టునే అడగాలని 2021లోనే చెప్పింది. ఇన్ని అక్షింతలు పడ్డాక కూడా పద్ధతి మారకపోతే నష్టపోయేది నాలాంటి వాళ్లమే. కొట్టేసిన ప్రతి ఉత్తర్వుతో ఒక దొంగ నేరం తేలకుండానే బయటికి వస్తున్నాడు.

కొందరిని జనం మధ్య వదలలేమన్న మాట నేనూ ఒప్పుకుంటాను. మా అక్క కూతురు ఉండే బ్రిస్బేన్‌లో, అంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, లైంగిక నేరాలకు శిక్ష పడిన ప్రమాదకర ఖైదీని గడువు ముగిశాక కూడా జైలులోనే ఉంచేందుకు 2003 నుంచి చట్టం ఉంది. శిక్ష పూర్తిచేసిన మనిషిని ఇంకా బంధించడం అన్యాయమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2010లో ఆక్షేపించిన చట్టమది. అయినా అక్కడ ముందు నేరం రుజువై ఉండాలి. ఆపై న్యాయమూర్తి మానసిక వైద్యుల నివేదికలు చూసి, ఇరుపక్షాల వాదన విని తేల్చాలి. తరువాత కూడా ఎప్పటికప్పుడు సమీక్షించాలి. మన దగ్గర మొదటి మెట్టే ఎక్కడం లేదు.

ఇప్పుడు గొలుసు లాగడం భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ కింద ప్రత్యేక నేరం. రుజువు చేస్తే మూడేళ్ల దాకా జైలు. పీడీ కింద మహా అయితే ఏడాది, అదీ హైకోర్టులో నిలబడితే. ఇందులో మమ్మల్ని కాపాడేది ఏదో పోలీసు అధికారులే చెప్పాలి.

పీడీ ఉత్తర్వు ఇచ్చిన ప్రతిసారీ అసలు కేసు ఏ దశలో ఉందో సలహా మండలి అడగాలి. ఎంతమందిపై పీడీ పెట్టారో, కోర్టులు ఎన్ని కొట్టేశాయో, వారిలో ఎంతమందికి అసలు నేరంలో శిక్ష పడిందో హోం శాఖ ఏటా ప్రకటించాలి. మీ విలేకరులు కూడా తదుపరి పీడీ వార్త రాసేటప్పుడు ఆ మూడో లెక్క అడగాలని నా విన్నపం.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్