మీ పుస్తకంలో ఇద్దరు క్లైవ్‌లు ఒక్కరైపోయారు

ప్రచురణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: పోటీ పరీక్షల కోసం మీరు వేసిన ఆధునిక భారత చరిత్ర పుస్తకంలో క్లైవ్ వంశవృక్షం, ‘ఎర్ల్ ఆఫ్ పోవిస్’ బిరుదుపై దొర్లిన తప్పులు, వాటి సవరణ గురించి.

అయ్యా,

మీ పుస్తకం అనుబంధంలోని క్లైవ్ వంశవృక్షాన్ని, దాని కింద ఇచ్చిన అభ్యాస ప్రశ్నలను మొత్తం పరిశీలించాం. ఇవి అచ్చు తప్పులు కావు, విషయం తెలియక చేసినవి. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం పోయే పరీక్షలకు ఈ పుస్తకం చదువుతున్నారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాం.

అన్నిటికంటే పెద్ద తప్పు జవాబుల పట్టికలో ఉంది. ‘దత్త మండలాలు కంపెనీ చేతికి వచ్చినప్పుడు మద్రాసు గవర్నరు ఎవరు?’ అన్న ప్రశ్నకు రాబర్ట్ క్లైవ్ అని జవాబిచ్చి, పక్కన ఆయన బొమ్మ కూడా వేశారు. నిజాం ఆ మండలాలను వదులుకున్న ఒప్పందం 1800 అక్టోబరు 12 నాటిది. రాబర్ట్ క్లైవ్ 1774 నవంబరు 22నే లండన్‌లో చనిపోయాడు. బెంగాల్‌కు గవర్నరుగా చేశాడు గానీ మద్రాసుకు ఎన్నడూ చేయలేదు. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్నది ఆయన పెద్ద కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్. థామస్ మన్రో దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చింది ఈ కొడుకు హయాంలోనే.

ఈ తికమకకు కారణం పేరు. తండ్రికి 1762లో బ్యారన్ క్లైవ్ బిరుదు వచ్చింది. అప్పటి నుంచి కాగితాల్లో ఆయన ‘లార్డ్ క్లైవ్’. ఆయన పోయాక బిరుదు కొడుక్కి దక్కింది, కొడుకూ ‘లార్డ్ క్లైవ్’ అయ్యాడు. కాబట్టి ఆ పేరు కనబడగానే ముందు తేదీ చూడాలి. 1762 నుంచి 1774 నవంబరు దాకా అయితే తండ్రి. ఆ తర్వాత 1804 మే దాకా కొడుకు. అక్కడి నుంచి ఆయన్ను ఎర్ల్ ఆఫ్ పోవిస్ అంటారు. మన వాళ్లకు ఇంకో గుర్తు కూడా ఉంది. 1765 ఆగస్టులో అలహాబాదులో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందింది తండ్రి. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి వచ్చినప్పుడు గవర్నరు కొడుకు. కోస్తా తండ్రి కాలం, సీమ కొడుకు కాలం. మధ్యలో 35 ఏళ్ల తేడా.

‘1762లో రాబర్ట్ క్లైవ్ ప్రభువుల సభలో అడుగుపెట్టాడు’ అన్న వాక్యం కూడా తప్పే. ఆయనది ఐర్లండ్ పీరేజ్‌లోని (అంటే అక్కడి ప్రభువుల బిరుదుల వరుసలోని) బిరుదు, దానితో వెస్ట్‌మినిస్టర్ ప్రభువుల సభలో కూర్చునే హక్కు రాదు. అందుకే ఆయన చనిపోయే దాకా ష్రూస్‌బరీ తరఫున దిగువ సభ అయిన కామన్స్ సభలోనే ఉన్నాడు. ప్రభువుల సభ తలుపు తెరిచిన బిరుదు, 1794లో కొడుక్కి గ్రేట్ బ్రిటన్ పీరేజ్‌లో వేరుగా ఇచ్చిన బ్యారన్ క్లైవ్.

ఇక వంశవృక్షం. బ్యారన్ అంటే జమీందారు అని మీ పదకోశంలో ఇచ్చారు. అసలు చిక్కంతా అక్కడే మొదలైంది. జమీందారీకి భూమి, శిస్తు ఆధారం. బ్రిటిష్ బిరుదుకు ఆధారం చాలావరకు రాజపత్రం. అది ఎవరికి సంక్రమించాలో ఆ పత్రంలోనే రాసి ఉంటుంది, చాలావరకు మగ సంతానానికే. భూమి వీలునామాను బట్టి పోతుంది. ఇంటిపేరు మార్చుకోవాలంటే రాజానుమతి తీసుకుంటారు. ఈ మూడూ ఒకే గీత మీద నడవాలన్న నియమం లేదు, ఈ కుటుంబంలో నడవలేదు కూడా.

ఎడ్వర్డ్ క్లైవ్ 1784లో హెన్రియెటా హెర్బర్ట్‌ను పెళ్లాడాడు. ఆమె అన్నదమ్ముడు జార్జ్ హెర్బర్ట్, ఎర్ల్ ఆఫ్ పోవిస్, 1801లో పెళ్లి కాకుండానే చనిపోయాడు. మగ వారసులు లేక బిరుదు అంతరించింది. ఆస్తి మాత్రం మేనల్లుడికి, అంటే హెన్రియెటా కొడుక్కి దక్కింది. అతనికప్పుడు 15 ఏళ్లు. 1804లో రాజు అదే పేరుతో కొత్త బిరుదు పుట్టించి, మేనల్లుడికి కాక అతని తండ్రికి ఇచ్చాడు. మేనల్లుడు 1807లో క్లైవ్ అన్న ఇంటిపేరు వదిలి హెర్బర్ట్ అయ్యాడు. 1839లో తండ్రి పోయే దాకా పరిస్థితి ఇది: తండ్రి బిరుదు పోవిస్, ఇంటిపేరు క్లైవ్, కొడుకు ఇంటిపేరు హెర్బర్ట్, పిలుపు ‘వైకౌంట్ క్లైవ్’. ఆ పిలుపు మర్యాదకు వాడేదే గానీ అసలు పీరేజ్ కాదు కాబట్టి అతను లడ్లో తరఫున కామన్స్ సభలో కూర్చోగలిగాడు. మీ చార్టులో ఈ ఇద్దరినీ తండ్రీకొడుకులుగా కాక వేరే కుటుంబాలుగా చూపించారు.

‘2వ ఎర్ల్ ఆఫ్ పోవిస్’ అని మాత్రమే రాస్తే ముగ్గురు వస్తారు. ఈ బిరుదు 1674లో, 1748లో, 1804లో మూడుసార్లు పుట్టింది, ప్రతిసారీ లెక్క 1 నుంచి మొదలైంది. అంకె పక్కన ఆ సంవత్సరం వేయకపోతే ఎవరో తేలదు. 1848లో వేటలో పొరపాటున సొంత కొడుకు తుపాకీ గుండు తగిలి చనిపోయిన 2వ ఎర్ల్, 1804 వరుసలోని వాడు.

అదే వరుసలోని 4వ ఎర్ల్ దగ్గర చార్టు మళ్లీ తప్పింది. ఆయన భార్యది డార్సీ డి నేత్ అనే పాత బ్యారనీ (బ్యారన్ స్థాయి బిరుదు), ఆడవాళ్లకూ సంక్రమించేది. అది కొడుక్కి, 1943లో అతను యుద్ధంలో చనిపోయాక అతని కూతురికి వెళ్లింది. పోవిస్ బిరుదు మగవారికే కాబట్టి 1952లో 4వ ఎర్ల్ పోయాక దాయాదికి చేరింది. మీరు రెండూ మనవరాలికే రాశారు. కుటుంబం ఉన్న పోవిస్ కోట ఈ ఇద్దరిలో ఎవరికీ రాలేదు, నేషనల్ ట్రస్ట్‌కు చేరింది.

వేల్స్‌లోని ఆ కోటను రాబర్ట్ క్లైవ్ కట్టించాడన్న వాక్యం తీసేయండి. 13వ శతాబ్దంలో వేల్స్ రాజులు మొదలుపెట్టిన కోటను 1587లో హెర్బర్ట్‌లు కొన్నారు. అక్కడున్న టిప్పు గుడారం కూడా రాబర్ట్ తెచ్చింది కాదు. టిప్పు చనిపోయిందే 1799లో.

మా కోరికలు ఇవి. అమ్ముడుపోని ప్రతి కాపీలో ఒక పేజీ సవరణ పత్రం అతికించండి, అదే మీ వెబ్‌సైట్‌లోనూ పెట్టండి. దత్త మండలాల ప్రశ్నకు జవాబు ‘ఎడ్వర్డ్ క్లైవ్’ అని మార్చి, బొమ్మ తీసేయండి. వచ్చే ముద్రణలో బిరుదుకు నిండు గీత, ఆస్తికి చుక్కల గీత వేసి, ఇంటిపేరు మారిన చోట సంవత్సరం వేయండి. ఇప్పటికే కొన్నవారు అడిగితే సవరించిన కాపీ ఉచితంగా ఇవ్వండి. అచ్చుకు ముందు ప్రూఫులు పంపితే మేము దిద్ది వారంలో తిప్పి పంపుతాం.

ఇట్లు,
చరిత్ర బోధకుల బృందం