పద్నాలుగు రోజుల సంగతి

ప్రియ మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు బాకీ పడ్డాను, క్షమించు. ఇంట్లో అందరూ కులాసా, నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, నువ్వు పంపిన పుస్తకం ఇంకా తెరవలేదు. కుశలవార్తలు ఇంతటితో సరి. చెప్పకుండా ఉండలేని సంగతి ఒకటి మూడు వారాలుగా నన్ను నిలవనీయడం లేదు.

గత నెలలో మేము ఒక నాలుగంతస్తుల భవనానికి టెండరు వేశాము. మా సంస్థ స్థాయికి అది పెద్ద పనే. కవర్లు తెరిచిన రోజున ఆరుగురిలోనూ అతి తక్కువ ధర మాదేనని చదివారు. పక్కనున్న మా సూపర్‌వైజరు సంతోషంతో నా చెయ్యి నలిపేశాడు. నేనూ పొంగిపోయాను, అయితే అది ఐదు నిమిషాల ముచ్చటే అయింది. మిగిలిన ధరలు చదువుతుంటే అలవాటు కొద్దీ కాగితం మీద రాసుకున్నాను. రెండో స్థానానికీ ఆరో స్థానానికీ మధ్య తేడా 6 శాతం. మాకూ రెండో స్థానానికీ మధ్య తేడా 14 శాతం. ఒకరి మొహం ఒకరు చూడని ఐదుగురు గుత్తేదారులు విడివిడిగా లెక్క వేసుకుని ఇంచుమించు ఒకేచోటికి చేరారంటే, దారి తప్పింది వాళ్లా, నేనా? బడిలో అందరి జవాబూ ఒకటైతే నాదొక్కటే వేరుగా వచ్చిన మన ఏనుగు లెక్క నీకు గుర్తొచ్చే ఉంటుంది. నాకూ అదే గుర్తొచ్చింది, నవ్వు మాత్రం రాలేదు.

ఆ రాత్రి ఎస్టిమేటు మొత్తం మొదటి నుంచి తిరిగి వేశాను. పునాది గోతిలో ఊటనీరు తోడే ఖర్చు రాయడమే మరిచిపోయాను, అది చిన్న తప్పు. పెద్దది సెంట్రింగ్ దగ్గర, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా స్లాబును మోసే తాత్కాలిక పలకలూ జాకీల దగ్గర, దొరికింది. స్లాబు పోసిన 7 రోజులకే కింది జాకీలు తీసి పై అంతస్తుకు వాడుకోవచ్చని లెక్క కట్టాను. ఆ స్లాబుల కింద ఆధారాల మధ్య ఉన్న దూరాన్ని బట్టి 14 రోజులు ఉంచాలని టెండరు షరతుల్లో స్పష్టంగా ఉంది. అంటే సామాను రెండింతలు తేవాలి, లేదా పని నెలల తరబడి సాగాలి. కాంక్రీటు చట్రానికయ్యే ఖర్చులో మూడో వంతుకు పైగా సెంట్రింగే మింగేసే పనులు ఉన్నాయని నీకు వేరే చెప్పాలా!

చమురు నిక్షేపాల వేలాల గురించి 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు రాసిన వ్యాసం గురించి నువ్వొకసారి గంటసేపు చెప్పావు, నేను ఆవులిస్తూ విన్నాను. అందరూ అంచనా వేసే చోట గెలిచేది తెలివైన వాడు కాదు, ఎక్కువ పొరపడిన వాడే కావచ్చునన్నది అందులోని సారాంశం. వేలంలో అందరికంటే ఎక్కువ పాడిన వాడికి పట్టే గతే టెండరులో అందరికంటే తక్కువ వేసిన వాడికీ పడుతుంది. పోటీదారులు పెరిగే కొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ఏడాదికి యాభై పనులు చేసే సంస్థ ఒక దాంట్లో మునిగినా మిగిలిన వాటితో తేలుతుంది. మా బోటి వాళ్లకు ఏడాదికి మూడే పనులు, ఒకటి మునిగితే…

మా తమ్ముడు ఒప్పుకోలేదు. ముందు పని చేజిక్కించుకుంటే తర్వాత అదనపు పనుల బిల్లుల్లో సర్దుకోవచ్చని వాదించాడు. అలా సర్దుకునే వాళ్లు లేకపోలేదు. అయితే వాళ్ల దగ్గర ప్రతి డ్రాయింగు మార్పునూ నమోదు చేసి అదనపు సొమ్ము అడగడానికి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు, అవసరమైతే వకీళ్లు ఉంటారు. మా దగ్గర ఆ పని చేయవలసింది నేనే, అదీ రాత్రి పది తర్వాత. పైగా ప్రతి బిల్లులోనూ రిటెన్షన్ పేరుతో, అంటే పనిలో లోపాలకు హామీగా, 5 నుంచి 10 శాతం ఆపుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. మాకు మిగిలే లాభం చాలాసార్లు అంతకంటే తక్కువ. పుస్తకాల్లో లాభం చూపిస్తూనే కూలీ డబ్బుకు తడుముకునేది ఇందుకే. 2018 జనవరిలో బ్రిటన్‌లో కారిలియన్ అనే భారీ నిర్మాణ సంస్థ దివాలా తీసినప్పుడు 120 రోజుల గడువుతో బిల్లుల కోసం ఎదురుచూస్తున్న చిన్న సంస్థలెన్నో ఇరుక్కున్నాయని గుర్తు చేశాను. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంత తక్కువ ధర ఎలా సాధ్యమో వివరించమని టెండరు పిలిచిన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఐరోపా సమాఖ్య 2014 నాటి నిబంధనల్లో కూడా అసాధారణంగా తక్కువగా ఉన్న ధరకు ముందు వివరణ అడగాలనే ఉంది, కాబట్టి అది నా మీద ప్రత్యేకమైన అనుమానమేమీ కాదు. కల్పించి రాయవచ్చు, రాయడానికి కూర్చున్నాను కూడా. రెండు వాక్యాలయ్యాక కాగితం చింపి, లెక్కలో పొరపాటు జరిగిందనీ టెండరు ఉపసంహరించుకుంటున్నామనీ రాశాను. టెండరుతో పాటు కట్టిన ధరావతు సొమ్ము పోయింది. ఇప్పటికీ తలచుకుంటే కడుపు మండుతుంది. చేతికొచ్చిన పనిని వదులుకున్నది నేనేనా అనిపిస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పని రెండో సంస్థకు దక్కింది. నిన్న వాళ్ల మేనేజరు ఫోను చేసి, సెంట్రింగ్ భాగానికి మమ్మల్ని కొటేషను అడిగాడు. అంత అనుభవమున్న మేస్త్రీలు తమ దగ్గర లేరట! మా ముఠా పదకొండేళ్లుగా చెదరకుండా మాతోనే ఉందని అతనికి ఎవరో చెప్పారట. ఇన్నాళ్లూ ధర తగ్గించడమే పోటీ అనుకుని, ఆ ముఠాను ఎస్టిమేటులో ఒక ఖర్చుగా తప్ప నేనెప్పుడూ చూడలేదు.

ఈసారి 14 రోజులకే లెక్క కట్టాను. బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో చెల్లించాలని కూడా రాశాను. ఒప్పుకుంటాడో లేదో తెలియదు. తమ్ముడు కొటేషనులో 5 శాతం తగ్గించమంటున్నాడు, నేను ఇంకా… ఫోను మోగుతోంది, ఆ మేనేజరే అనుకుంటాను. మిగతాది మళ్లీ రాస్తాను.

నీ
ఏనుగు లెక్కల వాడు